శౌరయ్య నోట గెలుపు మాట

కొండపల్లికి ఒక ఫుట్‌బాల్ జట్టుందని బెజవాడలో చెబితే నవ్వుతారు. నవ్వనీండి, నాకేం. ముప్పై ఏళ్ళు ఆర్టీసీలో కండక్టరుగా చేసినవాణ్ణి, నవ్వేవాళ్ళని చాలామందిని ఎక్కించుకున్నాను, దించేశాను. మా జట్టు ఉంది. దానికి అభిమానులం మేమూ ఉన్నాం, వాన పడకపోతే నలభై మందిమి. నా పేరు లక్ష్మీకాంత్. నాకు కోపం ఎక్కువని మా ఆవిడ అంటుంది, అది నిజమే. అయితే ఇప్పుడు చెప్పబోయేది నా గురించి కాదు, శౌరయ్య గురించి. చివర్లో నా సంగతి కూడా వస్తుంది. తప్పించుకుందామంటే కుదరడం లేదు.

శౌరయ్య బోర్డులు రాసే ఆర్టిస్టు. ఒకప్పుడు పటమట నుంచి హనుమాన్ జంక్షన్ దాకా ఆయన చేతి రాత లేని బజారు లేదు. బట్టల కొట్లు, మందుల షాపులు, ఎరువుల డిపోలు, డెంటల్ డాక్టర్లు. అక్షరం పక్కన నీడ వేశాడంటే అది గోడలోంచి బయటికొచ్చి నిలబడేది. ఫ్లెక్సీలు వచ్చిన కొత్తలో తోటి ఆర్టిస్టులంతా, "రెండు వానలకి చిరిగిపోద్దిలే, మళ్ళీ మన దగ్గరికే వస్తారు" అని ఒకరికొకరు ధైర్యం చెప్పుకుంటుంటే, ఈయన ఒక్కడే "మన పనైపోయింది" అన్నాడు. శుభమా అని మాట్లాడుకుంటుంటే అపశకునపక్షిలా తగలడ్డావేంట్రా అని అందరూ తిట్టారు. ఆరు నెలలు తిరక్కుండానే అయిపోయింది. ఇప్పుడు బళ్ళకి నంబరు ప్లేట్లు రాస్తాడు, ఎప్పుడైనా ఏ కాలేజీవాళ్ళో పిలిస్తే ప్రహరీ గోడ మీద నాలుగు మాటలు రాసొస్తాడు.

ఆయన నాలుక చివర నల్ల మచ్చ ఒకటుంది. అది ఉన్నవాళ్ళు ఏదంటే అది జరుగుతుందని మా వైపు నమ్మకం. స్టేషన్ రోడ్డులో టీ బంకు నడిపే సుబ్బరత్నం ఆయన్ని ఊరికే వదిలేది కాదు. "ఏదీ, నాలిక చూపించు అన్నయ్యా, మచ్చ పెరిగిందేమో" అనేది. "నా బంకు పెట్టిన రోజున ఎండాకాలం దాటదన్నావు. పదకొండేళ్ళైంది, ఇంకా దాటలేదు ఆ ఎండాకాలం" అని దెప్పేది. ఆయన కూడా నవ్వేవాడు. టీ కొట్టు సంగతి ఎలా ఉన్నా, ఆట సంగతిలో మాత్రం ఆయన మాట తప్పింది లేదు.

మాకో ఆచారం ఉంది. చిన్న మ్యాచ్‌లకి కాదు, పెద్ద మ్యాచ్ ఉంటేనే. ముందు శుక్రవారం సాయంత్రం అందరం సుబ్బరత్నం బంకు దగ్గర చేరతాం. నల్లరంగు పూసిన చెక్క ఒకటుంది. ఒక్కొక్కరం స్కోరెంతో చెబుతాం, శౌరయ్య బ్రష్షుతో ఆ చెక్క మీద పేరూ స్కోరూ రాస్తాడు. జోస్యం తప్పినవాళ్ళు తర్వాతి మ్యాచ్‌కి తెల్లారకుండా లేచి మా గ్రౌండులో సున్నం గీతలు గీయాలి. అందరికీ అందంగా గెలుపు రాసిపెట్టి, అట్టడుగున తన పేరు పక్కన ఓటమి రాసుకునేవాడు శౌరయ్య. పదకొండేళ్ళలో ఆయన సున్నం డబ్బా ముట్టుకోలేదు. చిన్న మ్యాచ్‌లు గెలిచే మా జట్టు పెద్ద మ్యాచ్ అనేసరికి నీళ్ళు నమిలేది.

ఒకసారి నేనే అడిగాను, ఇంతమందిమి ఆశపడుతుంటే నీకేంటయ్యా ఆ పాడు నోరు అని. "ఆశపడినోడికి రెండు దెబ్బలు కండక్టరు గారూ" అన్నాడు. "ఓడినందుకొకటి, ఆశపడినందుకొకటి. నేను ఒకదాంతో సరిపెట్టుకుంటా."

ఆయనకి ఒక్కడే కొడుకు, డేనియల్. ఇరవైతొమ్మిదేళ్ళవాడు. పగలు కొరియర్ పార్సిళ్ళు తిప్పుతాడు, సాయంత్రం మా జట్టుకి గోల్‌కీపరు. తల్లి తెరేసమ్మ పోయి ఐదేళ్ళైంది, ఇంట్లో తండ్రీ కొడుకులిద్దరే. మూడేళ్ళ కిందట వాడి కుడి మోకాలికి ఆపరేషన్ జరిగింది. ఏడాది కూర్చుని, మళ్ళీ లేచి వచ్చి గోల్‌లో నిలబడ్డాడు. వాడు గాల్లోకి లేస్తే చూడాలి! నేను కన్న కొడుకులు ఇద్దరున్నారు, ఒక్కడూ అంత ఎత్తు ఎగరలేదు.

పోయిన ఏడాది మా జిల్లా లీగులో ప్లేఆఫ్ దాకా వెళ్ళాం. అది గెలిస్తే పై లీగులోకి వెళతాం, కొండపల్లి చరిత్రలో ఎన్నడూ జరగనిది. అవతల బందరు జట్టు. ఇంక రెండు నిమిషాల్లో అయిపోతుందనగా మామూలు బంతి, పసిపిల్లాడు పట్టేది, డేనియల్ చేతుల్లోంచి జారి లోపలికి పోయింది. ఒకటి సున్నా. చెక్క మీద శౌరయ్య రాసింది కూడా అదే. ఆ రోజు నుంచి వాడు తండ్రితో ఆట గురించి మాట్లాడటం మానేశాడు. ఏడాదంతా కసిగా ఆడాడు. ఈ ఏడాది మళ్ళీ ప్లేఆఫ్, మళ్ళీ అదే బందరు. ఆదివారం నాలుగింటికి పటమటలో ఒక కాలేజీ గ్రౌండులో.

శుక్రవారం బంకు దగ్గర కాలు పెట్టే సందు లేదు. బ్యాంకులో పనిచేసే సిద్ధార్థ ల్యాప్‌టాప్ తెచ్చుకుని మూడేళ్ళ స్కోర్లన్నీ అందులో పోసి లెక్క తీశాడు. "మనకి యాభై ఎనిమిది శాతం అంకుల్" అన్నాడు నాతో.

"ఆ శాతాలు సాంబార్లో వేసుకోనా?" అంది సుబ్బరత్నం. "రెండు సున్నా, మనదే. రాయి అన్నయ్యా."

నేను మూడు ఒకటి అన్నాను. సిద్ధార్థ తన శాతాలన్నీ కూడి రెండు ఒకటి అన్నాడు. ఇరవై ఆరు మందిమి చెప్పాం, ఇరవై ఆరూ గెలుపే. శౌరయ్య ఓపిగ్గా అన్నీ రాశాడు. చివరికి తన పేరు రాసుకుని, పక్కన బందరు 2, కొండపల్లి 1 అని రాశాడు.

డేనియల్ అప్పుడే బండి ఆపి హెల్మెట్ తీశాడు. చెక్క వంక చూశాడు. 

"నాన్నా, ఈ ఒక్కసారికి మార్చు."

"నాకు కనపడింది రాశాను."

"నీకెప్పుడూ అదే కనపడుద్దా? పరాయోళ్ళు ఇరవై ఆరు మంది గెలుస్తానంటున్నారు. నువ్వొక్కసారి, అబద్ధమైనా సరే, నేను గెలుస్తానని అను. ఇంకేం అడగను."

శౌరయ్య బ్రష్షు కిరసనాయిల్లో ముంచి కడుక్కుంటూ తల ఎత్తలేదు. "అట్టా అంటే నువ్వు ఆగవురా" అన్నాడు నెమ్మదిగా. ఆ మాటకి అర్థం నాకు తెలియలేదు. వాడికి తెలిసిందేమో, హెల్మెట్ పెట్టుకుని వెళ్ళిపోయాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. "నువ్వు తండ్రివేనంటయ్యా? పైన తథాస్తు దేవతలుంటారు, మంచి మాట ఒకటంటే నీ నోటి ముత్యాలు రాలిపోతాయా?" అని నలుగురిలో కేకలేశాను. ఆయన బ్రష్షు తుడుచుకుని ఇంటికి నడిచాడు. నిజం చెప్పొద్దూ, నా కోపం డేనియల్ కోసం మాత్రమే కాదు. అరవై రెండేళ్ళొచ్చాయి నాకు. మా జట్టు ఒక్క పెద్ద మ్యాచ్ గెలవగా చూసి పోవాలని ఉంది. ఆ మచ్చ నాలుక అడ్డం పడుతోందని నేను లోపల నిజంగానే నమ్మాను.

శనివారం పొద్దున నాకో బుద్ధి పుట్టింది. మా ఇల్లు గుడి వెనక వీధిలోనే, గుడంటే శౌరయ్య వాళ్ళ చర్చి. ప్రతి ఆదివారం ఏడింటి పూజకి ముందు, ఫాదర్ గారికి సాయంగా ఉండే ఉపదేశి గారు మైకులో చదువుతారు, ఈనాటి పూజ ఫలానా వారు ఫలానా ఉద్దేశంతో చెప్పిస్తున్నారని. చనిపోయినవాళ్ళ ఆత్మశాంతికి, పిల్లల పరీక్షలకి, అమ్మాయి పెళ్ళికి. ఇరవై ఏళ్ళుగా పళ్ళు తోముకుంటూ వింటున్నవాణ్ణే, పద్ధతంతా నాకు తెలుసు. శౌరయ్య నోటితో అననిది ఆయన పేరుతో మైకు అంటే పోలేదా? పైగా అది దేవుడి ఎదట అన్నట్టు. తిన్నగా ఉపదేశి గారి దగ్గరికి వెళ్ళి, "శౌరయ్య పనిమీద బెజవాడ వెళ్ళాడండీ, నన్ను చెప్పి రమ్మన్నాడు" అని ఆయన పేరుతో పూజ రాయించాను. ఎంత గొప్ప పని చేశానో అనుకుంటూ ఆ రోజు రెండు టీలు ఎక్కువ తాగాను.

ఆదివారం ఏడింటికి గుడి గేటు బయట నిలబడి విన్నాను. "శౌరయ్య గారు తమ కుమారుడు డేనియల్ ఈ దినమున ఆడబోవు ఆటలో విజయము కొరకును, అతని క్షేమము కొరకును ఈ దివ్యపూజను సమర్పించుచున్నారు" అని మైకు చెప్పింది. క్షేమం సంగతి నేను చెప్పలేదు, ఉపదేశి గారు తనంత తానే కలిపారు.

పూజయ్యాక జనం బయటికొచ్చారు. డేనియల్ మెట్ల మీద తండ్రికి ఎదురెళ్ళాడు. అంత మనిషి, ఆరడుగులవాడు, అందరూ చూస్తుండగా వంగి తండ్రి కాళ్ళు పట్టుకున్నాడు. లేచాక ఏదో అనబోయి అనలేక, పక్కకి వెళ్ళి ఫోన్ తీశాడు. శౌరయ్య అక్కడే కొయ్యబారిపోయి నిలబడ్డాడు. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి, సిగ్గులేకుండా చెబుతున్నా. సంతోషంతో తిరిగాయి.

వాడు బండెక్కి వెళ్ళిపోయాక శౌరయ్య చుట్టూ చూసి నన్ను పట్టుకున్నాడు. నా మొహంలోనే రాసుందేమో, అడగాల్సిన పని లేకపోయింది.

"నువ్వేనా చెప్పించింది?"

"నేనే. అయితే ఏంటంటా? చూశావుగా వాడి మొహం."

"కండక్టరు గారూ, వాడి మోకాలు మళ్ళీ పోయింది" అన్నాడు. "నెల నుంచి పొద్దున లేస్తే గోడ పట్టుకుని నడుస్తన్నాడు. ఎవరికీ చెప్పొద్దని తల్లి ఫోటో మీద ఒట్టు వేయించుకున్నాడు. చెప్పలేను, ఊరుకోలేను. ఓడిపోతారు ఓడిపోతారు అంటుంటే విసుగొచ్చైనా మానుకుంటాడని అట్టా రాశాను. నిన్న సాయంత్రం మానుకున్నాడయ్యా! నా బదులు రెండో కీపరు యేసుకుమార్‌ని దింపండని పొద్దున పూజయ్యాక కోచ్‌కి చెప్తానన్నాడు. ఇందాక నీ ఎదురుగానే ఫోన్ చేశాడు. ఏమన్నాడో తెలుసా? నేనే ఆడతన్నా సార్ అన్నాడు."

 "ఇప్పుడు మించిపోయిందేముంది, వెళ్ళి పూజ నాది కాదని చెప్పు" అన్నాను. నేను వెళ్ళి చెబుతాననలేదు చూడండి. వెళ్ళి చెప్పమన్నాను.

"ఏమని చెప్పను? వాడికి ఇరవైతొమ్మిదేళ్ళు. పుట్టిన కాడ్నుంచి వాడు నా నోట వినాలనుకున్న మాట ఈ పొద్దున విన్నాడు. అది కూడా నాది కాదు, ఆ లక్ష్మీకాంత్ గాడిది అని చెప్పనా?"

 నేను వెళ్ళి డేనియల్‌తో ఉన్నమాట చెప్పేయాల్సింది. ఆ పని చేయడానికి మ్యాచ్ దాకా ఎనిమిది గంటల టైముంది నాకు. ఆపరేషన్ అయిన కాలేగా, కొంచెం నొప్పుంటుంది, ఇంత కసి మీదున్నవాడు తట్టుకుంటాడులే అని నాకు నేను చెప్పుకున్నాను. నాకు గెలుపు కావాలి. అంతే, ఇంకే కారణమూ లేదు.

మధ్యాహ్నం అందరం బస్సులో పటమట వెళ్ళాం. సిద్ధార్థ శాతం అరవై నాలుగుకి పెరిగిందన్నాడు. శౌరయ్య పూజ సంగతి అప్పటికే అందరికీ తెలిసిపోయి, వచ్చినవాడల్లా ఆయన భుజం తట్టాడు. సుబ్బరత్నం అయితే, "ఇన్నాళ్ళకి నీ నాలిక మచ్చ పోయింది అన్నయ్యా" అంది. ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు.

మొదటి సగం మాదే. ఇరవయ్యో నిమిషంలో మావాళ్ళు గోల్ కొట్టారు. నేను చొక్కా విప్పి తిప్పాను, ఈ వయసులో. తర్వాత బందరువాళ్ళు మీద మీదకొచ్చారు. డేనియల్ ఒకటి ఆపాడు, రెండోది వేళ్ళ చివర్లతో పైకి తోసేశాడు, మూడోది పెనాల్టీ, అది కూడా ఆపాడు! గ్రౌండంతా లేచి నిలబడింది. ఆపిన ప్రతిసారీ వాడు లేచి జనంలో తండ్రి ఎక్కడున్నాడా అని వెతికి చూశాడు. శౌరయ్య రెండు చేతులూ ఎత్తి చప్పట్లు కొట్టాడు. కొడుతూనే వాడి కాలి వంకే చూశాడు. మూడోసారి లేచినప్పుడు వాడు కుడికాలు నేల మీద పూర్తిగా ఆనించడం లేదని నేను కూడా చూశాను. చూసి, "అదీ డానీ! అదీ!" అని అరిచాను.

డెబ్భయ్యో నిమిషం దాటాక కార్నర్ వచ్చింది. అందరికంటే ఎత్తుకి లేచాడు, బంతి రెండు చేతులతో పట్టాడు, దిగాడు. కాలు మాత్రం ఒక పక్కకి తిరిగి దిగింది. వాడి కేక ఇవతలి గట్టు దాకా వినిపించింది. బంతి మాత్రం వదల్లేదు, గుండెకి అదుముకునే పడిపోయాడు. స్ట్రెచర్ మీద ఎక్కించేటప్పుడు రిఫరీ వాడి చేతుల్లోంచి దాన్ని విడిపించుకోవాల్సి వచ్చింది.

వాడి బదులు యేసుకుమార్ దిగాడు. తర్వాత పదిహేను నిమిషాల్లో రెండు గోల్స్ పడ్డాయి. రెండు ఒకటి. ఎవరూ శౌరయ్య జోస్యం గుర్తు చేయలేదు. ఆయన అసలక్కడ లేడు, కొడుకుతో అంబులెన్స్‌లో వెళ్ళిపోయాడు.

సోమవారం పొద్దున నేను ఆసుపత్రికి వెళ్ళాను. వెళ్ళకుండా ఉండలేకపోయాను, వెళ్ళి మొహం ఎలా చూపించాలో తెలియలేదు. వరండాలో డాక్టరు గారు శౌరయ్యకి స్కానింగు ఫిల్ము చూపిస్తున్నారు. పాత ఆపరేషన్ చేసిన చోటే లిగమెంటు పూర్తిగా తెగిందట, లోపల గుజ్జు కూడా అరిగిపోయిందట. మళ్ళీ ఆపరేషన్ చేస్తే నడుస్తాడు. మెట్లెక్కుతాడు. "ఆట సంగతి మాత్రం మర్చిపొమ్మనండి. ఇంక జన్మలో వద్దు" అన్నారు. వాడికి తాను ఇంకా చెప్పలేదని, మీరే మెల్లగా చెప్పండని వెళ్ళిపోయారు.

"శౌరయ్యా, పూజ సంగతి నేను చెప్పేస్తాను వాడికి" అన్నాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం నాకు బాగా వచ్చు.

"నోర్మూసుకుని రా" అన్నాడు. నన్ను అలా అనడం అదే మొదలు. కాదనడానికి నాకేం హక్కుంది?

గదిలో డేనియల్ కాలు కట్టుతో దిండు మీద ఎత్తి పెట్టి ఉంది. నన్ను చూసి, "రండి బాబాయ్" అన్నాడు. తర్వాత తండ్రి వైపు తిరిగాడు. రాత్రంతా ఆ మాట దాచుకున్నట్టున్నాడు, ఆయన కూర్చోకముందే మొదలుపెట్టాడు.

"నన్ను క్షమించు నాన్నా. నువ్వు మొదటిసారి నన్ను నమ్మావు. దేవుడి దగ్గర పూజ చెప్పించావు. నేనే నిలబెట్టుకోలేకపోయా."

నేను గోడకి ఆనుకున్నాను. నా వల్లరా బాబూ, ఈ ముసలి వెధవ వల్ల అని అరవాలనిపించింది. 

శౌరయ్య మంచం అంచున కూర్చుని వాడి చెయ్యి తీసుకున్నాడు. రంగు మరకలు పోని వేళ్ళతో ఆ చేతిని నిమిరాడు.  జీవితంలో ఒక్కసారి కూడా అనని మాట, ఎలా అనాలో తెలియనట్టు ముక్కలు ముక్కలుగా అన్నాడు.

"ఏం పర్లేదురా. వచ్చే ఏడు... వచ్చే ఏడు నువ్వు ఆడతావు. మనమే గెలుస్తాం."

డేనియల్ నవ్వబోయాడు. సగంలో ఆ నవ్వు ఆగిపోయింది. తండ్రి మొహంలోకి చూశాడు, నా వైపు చూశాడు, మళ్ళీ తండ్రి మొహంలోకే చూశాడు. శౌరయ్య కళ్ళు దించుకున్నాడు.

"డాక్టర్ గారు ఏమన్నారు నాన్నా?" అన్నాడు వాడు.